విజేత చాటించవలసిన అభయం

ఒక రాజ్యంలో ప్రజలు పీడనకు గురవుతున్నప్పుడు బయటి బలం అందులోకి సైన్యాన్ని నడపడం ధర్మమేనా అన్న ప్రశ్న వెనుక, నడిపిన తరువాత ఆ బలం ఎవరికి జవాబుదారి అన్న మరో ప్రశ్న ఉంది. కౌటిల్యుని మండల సిద్ధాంతం, అనగా విజిగీషువును (జయకాంక్ష గల రాజును) నడుమ నిలిపి చుట్టుపట్ల రాజులను మిత్రులుగా, శత్రువులుగా, ఉదాసీనులుగా లెక్కగట్టే పద్ధతి, మొదటి ప్రశ్నకే ఎక్కువ ఉపకరిస్తుంది. అయితే అర్థశాస్త్రంలోనే లబ్ధప్రశమనం, అనగా గెలుచుకున్న దేశాన్ని శాంతపరచడం, అనే ప్రకరణం ఉంది. మనుస్మృతి ఏడవ అధ్యాయం కూడా జయించిన రాజు ప్రజలకు అభయం చాటించాలని విధించింది. పండితులు మండలాన్ని చర్చించినంతగా ఈ అభయాన్ని చర్చించలేదు.

తెలుగు, కన్నడ, మరాఠీ సీమలు కలిసే చోట, బీదరు జిల్లా భాల్కి తాలూకాలో ఉన్న ఖటక్ చించోళి వంటి గ్రామాలు ఈ రెండు ప్రశ్నలనూ చూశాయి. ఒకప్పటి బహమనీల రాజధానియైన బీదరును 1619లో బీజాపూరు సుల్తాను, 1657లో ఔరంగజేబు ఆక్రమించారు. అవి దాపరికం లేని దండయాత్రలు. రక్షణ పేరుతో జోక్యం చేసుకోవడం ఈస్టిండియా కంపెనీవారి పద్ధతి: 1798 సంధితో హైదరాబాదు నిజాం కొలువులోని ఫ్రెంచి దళాలను తొలగించి తమ సైన్యాన్ని నిలిపారు, దాని ఖర్చు కింద 1800లో కడప, బళ్లారి మొదలైన దత్తమండలాలను తీసుకున్నారు. రక్షణ సింహాసనానికి దక్కింది, చేతులు మారినవారు మాత్రం రైతులు.

1948లో, బీదరు కూడా చేరివున్న నిజాం హైదరాబాదు రాజ్యంలోకి భారత సైన్యం ప్రవేశించిన సంగతి ఇంత సులభంగా తేలదు. ఆ మే నెలలో బీదర్ జిల్లా గోరటాలో నిజాం పక్షపు సాయుధ దళమైన రజాకార్లు జరిపిన హత్యాకాండను తలచుకుంటే, హైదరాబాదు ప్రభుత్వం భారతదేశంపై ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి చేసిన ఫిర్యాదులోని సార్వభౌమత్వ వాదం బలహీనంగా తోస్తుంది. సెప్టెంబరు 13న ప్రవేశించిన భారత సైన్యానికి 17 నాటికే విజయం లభించింది. ఆ ప్రవేశం న్యాయమైనదే. కాని పీడితుల పేరున అడుగుపెట్టిన రాజ్యానికి, అడుగుపెట్టిన క్షణం నుంచి ఓడినవారి పక్షాన ఉన్న సామాన్యులు కూడా సొంత ప్రజలే అవుతారు గనుక, న్యాయమైన ప్రవేశం అభయమిచ్చే బాధ్యతను పెంచుతుందే తప్ప తగ్గించదు.

ఆ బాధ్యత నెరవేరలేదని, నెహ్రూ ప్రభుత్వం పంపగా అదే సంవత్సరాంతంలో పర్యటించిన సుందర్‌లాల్ సంఘం తేల్చింది. ముస్లింలపై జరిగిన హత్యలకు, దోపిడీలకు ఎక్కువగా గురైన నాలుగు జిల్లాలుగా ఉస్మానాబాదు, గుల్బర్గా, నాందేడులతో పాటు బీదరును పేర్కొని, రాజ్యమంతటా మృతులు 27,000 నుంచి 40,000 వరకు ఉండవచ్చునని అంచనా వేసింది. కొన్నిచోట్ల సైనికుల ప్రమేయాన్ని కూడా దాచలేదు. దశాబ్దాలపాటు ప్రభుత్వం బయటపెట్టని ఆ నివేదికలోనే, కొన్ని ఊళ్లలో హిందూ నేతగాళ్లు తమతో పాటు మగ్గం నేసే ముస్లింలను ఇతర హిందువుల దాడినుంచి కాపాడారనీ, ఆ ప్రయత్నంలో ప్రాణాలు సైతం పోగొట్టుకున్నారనీ రాసి ఉంది.