తాలు, తేలు

పల్నాడులో ఒక మిర్చి కల్లం. ఎండిన కాయలు మోకాలెత్తు రాశిగా పోసి ఉన్నాయి. తాలు ఏరడంలో ఆ ఊళ్లో అమ్మమ్మను మించినవాళ్లు లేరు. రంగు వెలిసి తెల్లబారిన కాయ ఎక్కడున్నా ఆమె వేళ్లు తిన్నగా దాని మీదికే పోయేవి.

"అమ్మమ్మా, అంత ఎరుపులో నీకెట్లా అగుపడతయ్?" అని అడిగింది పక్కనున్న మనవరాలు.

"నేనేడ ఎతుకుతున్నానే! తాలు, తాలు అనుకుంటా కూకుంటే అయ్యే లేచొచ్చి కంటికి ఆనతయ్."

మధ్యాహ్నం పట్టా అంచు కదిలింది. దాని కిందినుంచి నల్లటి తేలు రాశి మీదికి పాకింది. అమ్మమ్మ చూపు దాని మీదుగానే పోయి, జానెడు దూరంలో ఉన్న తెల్లకాయ మీద వాలింది.

"అమ్మమ్మా, తేలు!"

"ఆఁ, తాలే. తీస్తన్నాగా."

పిల్ల రెండు చేతులా ఆమె మణికట్టు పట్టుకుని వెనక్కి లాగింది. అప్పుడు కనపడింది అమ్మమ్మకు. ఆ చెయ్యి ఒళ్లో పెట్టుకుని చాలాసేపు అట్లాగే కూర్చుంది.

"రేప్పొద్దున కూడా రావే," అంది చివరికి. "నువ్వు తాలు ఏరమాక. ఊరకే చూస్తా కూకో."

నీతి: ఒకదాన్నే వెతికే కంటికి పక్కనున్న తేలు కనపడదు. అందుకే ముప్పున్న పనిలో, ఏమీ వెతకని మనిషి ఒకరు తోడుండాలి.

అమ్మమ్మది అజాగ్రత్త కానే కాదు. తాలు అనుకోగానే మెదడు ముందుభాగం నుంచి చూపును నడిపే ప్రాంతాలకు కబురు వెళ్తుంది. కోరిన రంగుకు స్పందించే కణాల జోరు పెరుగుతుంది, మిగతావాటిది తగ్గుతుంది. ఈ సర్దుబాటు చూపు నిలిపిన చోటుతో ఆగదు, కంటికి ఆనే మేరంతా పాకుతుంది. 1999లో స్టెఫాన్ ట్రోయె, హూలియో మార్టినెజ్-ట్రుహియో కోతుల్లో కదలిక విషయంలో దీన్ని కొలిచారు. కోతి తెరకు ఒక పక్కన చుక్కలు ఎటు కదులుతున్నాయో గమనిస్తుంటే, రెండో పక్కను చూసే కణాల్లోనూ ఆ దిశకు పలికేవి మరింత గట్టిగా పలికాయి. ఎదురు దిశవి మందగించాయి.

అనుభవం పెరిగితే ఈ లోపం పోతుందని నేనూ అనుకునేదాన్ని. 2013లో వెలువడిన అమెరికా ప్రయోగం ఆ ధీమా తీసేసింది. ఊపిరితిత్తుల సీటీ స్కాన్లలో గడ్డలు వెతుకుతున్న 24 మంది రేడియాలజిస్టులకు, చివరి స్కాన్‌లో మామూలు గడ్డకన్నా 48 రెట్లు పెద్ద గొరిల్లా బొమ్మను చొప్పించి చూపారు. 20 మంది దాన్ని గుర్తించలేదు. వాళ్లలో ఎక్కువమంది కళ్లు నేరుగా ఆ గొరిల్లా మీదే నిలిచినట్టు కంటి కదలికల్ని నమోదు చేసే పరికరం చూపింది.