పక్షి వీర్యాన్ని దాచిపెడితే పక్షిని కాపాడినట్టేనా?

ఒక పక్షి జాతి అంతరించే దశకు వచ్చింది అనుకుందాం. మిగిలిన మగపక్షుల వీర్యాన్ని సేకరించి, మైనస్ 196 డిగ్రీల చలిలో గడ్డకట్టించి, యాభై ఏళ్ళు దాచిపెట్టగలిగాం అనుకుందాం. అప్పుడు ఆ పక్షిని కాపాడినట్టా, లేక కాపాడే పనిని వాయిదా వేసినట్టా? మా తొమ్మిదో తరగతి జీవశాస్త్రం పీరియడ్‌లో ఈ ప్రశ్న వచ్చింది. తరగతి రెండు జట్లుగా విడిపోయి గట్టిగా వాదించుకుంటూ ఉండగానే గంట కొట్టేశారు. ఆ వాదన నా మనసులో మాత్రం ఆగలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

"వీర్యం" అనే మాట బడి పత్రికలో రాయొచ్చా అని మా టీచర్‌ని ముందే అడిగాను. "పాఠంలో ఉన్న మాటే కదా, సిగ్గెందుకు? రాయి" అన్నారు. నిజానికి మన హొసకోటె పక్క పల్లెల్లో ఆవులున్న ఇళ్ళవాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. ఆవు ఎదకు వస్తే ఫోన్ చేస్తాం. పశువుల ఆస్పత్రి నుంచి ఒకాయన బండి మీద అల్యూమినియం క్యాను పెట్టుకొని వస్తాడు. మూత తీస్తే తెల్లటి పొగ వస్తుంది. లోపల ఉండేది ద్రవ నత్రజని. అందులోంచి సన్నటి స్ట్రా ఒకటి తీసి, గోరువెచ్చటి నీళ్ళలో కొంచెంసేపు ఉంచి, తన పని చేసి వెళ్తాడు. మా ఇంట్లో దీన్ని "సూది వేయించడం" అంటారు గానీ అది సూది కాదు. మన బెంగళూరు పక్కనే హెసరఘట్టలో ఎద్దుల, దున్నల వీర్యాన్ని గడ్డకట్టించే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. ఎద్దు ఎక్కడో ఉంటుంది, ఒక్కోసారి చచ్చిపోయి కూడా ఉంటుంది. దూడ మాత్రం మన కొట్టంలో పుడుతుంది.

"అన్నా, ఇది ఎన్ని రోజులు చెడిపోకుండా ఉంటుంది?" అని ఆయన్ని ఒకసారి అడిగాను.

"నత్రజని పోస్తా ఉంటే ఎన్నేండ్లయినా ఉంటాది తల్లీ. అది ఆవిరైపోతా ఉంటాది. పొయ్యడం మరిస్తే మాత్రం అంతే, ఒక్కటీ పనికిరాదు" అన్నాడు.

ఈ జవాబు గురించి తర్వాత చెప్తాను.

ఎద్దులకంటే ముందు గడ్డకట్టించి విజయం సాధించింది కోడిపుంజు వీర్యంతో అని చదివినప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది. 1949లో లండన్‌లో క్రిస్టఫర్ పోల్జ్, ఆడ్రీ స్మిత్, ఆలన్ పార్క్స్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఈ పని చేశారు. వాళ్ళు చక్కెర ద్రావణం అనుకొని వాడిన సీసాలో ఉన్నది వేరే. లేబుల్ మారిపోయింది. పరీక్షించి చూస్తే అందులో గ్లిసరిన్ ఉంది. నీళ్ళు గడ్డకట్టేటప్పుడు సూదుల్లాంటి మంచు పలుకులు ఏర్పడి కణాన్ని చీల్చేస్తాయి. గ్లిసరిన్ ఆ దెబ్బనుంచి కాపాడుతుంది. అలా ఒక తప్పు లేబుల్ వల్ల పెద్ద విద్య బయటపడింది.

కోడితో మొదలైనా, ఈ విద్య స్థిరపడింది మాత్రం ఆవులతోనే. పక్షులతో చిక్కులు చాలా ఉన్నాయి. పుంజు దగ్గర ఒకసారికి దొరికేది ఒక మిల్లీలీటరు కూడా ఉండదు. వీపు మీద, పొట్ట దగ్గర మెల్లగా నిమిరి సేకరించాలి. అందులో రెట్ట కలిస్తే పాడైపోతుంది. పక్షి వీర్యకణం దారంలా సన్నగా పొడుగ్గా ఉంటుంది కాబట్టి చలికి తొందరగా దెబ్బతింటుంది. ఇంకో తమాషా ఏమిటంటే, కణాన్ని కాపాడిన గ్లిసరినే పెట్ట కడుపులోకి వెళ్తే గుడ్డు ఫలించకుండా అడ్డుపడుతుంది. అందుకని ముందు దాన్ని కడిగేయాలి, లేదా వేరే మందు వాడాలి.

మనవాళ్ళు కూడా దీని మీద పనిచేశారు. హైదరాబాద్ అత్తాపూర్‌లో సీసీఎంబీకి చెందిన లాకోన్స్ అనే ప్రయోగశాల ఉంది. అంతరించే ప్రమాదంలో ఉన్న జీవుల కోసమే దాన్ని పెట్టారు. అక్కడివాళ్ళు కృత్రిమ గర్భధారణతో 2006లో ఒక చుక్కల జింక పిల్లను, 2007లో ఒక కృష్ణజింక పిల్లను పుట్టించారు. మన ఇళ్ళ చూరుల్లో తిరిగే మామూలు పావురాల వీర్యాన్ని సేకరించడం, గడ్డకట్టించడం, కృత్రిమ గర్భధారణ చేయించడం గురించి 2004లో పరిశోధన పత్రం వెలువరించారు. అరుదైన పక్షి మీద మొదటే ప్రయోగం చేయలేం కదా. ఆ పాఠం పావురం దగ్గర నేర్చుకున్నారు. పావురానికి దీనివల్ల ఏమీ ఒరగలేదు. దాని జాతికి ఏ ప్రమాదమూ లేదు. ఒక పక్షి కోసం ఇంకో పక్షిని పట్టుకోవడం న్యాయమేనా అనే ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. పావురానికి నొప్పి కలగకుండా చేసి తిరిగి వదిలేస్తే అది మరీ అన్యాయం కాదని నా అభిప్రాయం. మా స్నేహితురాలు ఒకామె దీనికి ఒప్పుకోలేదు.

ఇక అసలు కథ బట్టమేక పక్షిది. ఇంగ్లీషులో గ్రేట్ ఇండియన్ బస్టర్డ్ అంటారు. కన్నడంలో ఎరెభూత అని కూడా పేరుంది, అంటే నల్లరేగడి భూతం. మీటరు ఎత్తు, మగది 15 కిలోల దాకా బరువు తూగుతుంది. ఎగిరే పక్షుల్లో ఇంత బరువైనవి చాలా తక్కువ. పక్షిశాస్త్రవేత్త సాలిం అలీ దీన్నే మన జాతీయ పక్షిగా చేయమన్నారు. 1963లో ఆ గౌరవం నెమలికి దక్కింది. ఆంధ్రలో దీనికి పెట్టింది పేరు రోళ్ళపాడు. అప్పటి కర్నూలు జిల్లా నందికొట్కూరు దగ్గర 1988లో దీనికోసమే అభయారణ్యం ప్రకటించారు. మన కర్ణాటకలో బళ్ళారి జిల్లా సిరుగుప్ప వైపు కొన్ని కనిపించాయి. ఇప్పుడు దేశం మొత్తం మీద 150 కంటే తక్కువే ఉన్నాయని అంచనా. దాదాపు అన్నీ రాజస్థాన్‌లోనే. ఆడపక్షి ఏడాదికి మామూలుగా ఒక్క గుడ్డే పెడుతుంది. దీని కళ్ళు తల పక్కలకు ఉంటాయి కాబట్టి ఎదురుగా ఉన్న కరెంటు తీగ సరిగ్గా కనపడదు. కనపడినా అంత బరువుతో టక్కున పక్కకు తిరగలేదు. ఆ తీగలను భూమిలో వేయమని 2021లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2024లో ఆ ఆదేశాన్ని సడలించి నిపుణుల కమిటీ వేసింది. ఆ తీగల్లో చాలావరకు ఎండ నుంచి, గాలి నుంచి తీసే కరెంటువే. అంటే మంచి పని కోసం వేసిన తీగలే. కాబట్టి ఇక్కడ దొంగ ఎవరు, దొర ఎవరు అని తేల్చడం అంత సులభం కాదు.

రాజస్థాన్‌లో సమ్, రామ్‌దేవ్రా అనే రెండు చోట్ల ఈ పక్షుల్ని పెంచే కేంద్రాలు ఉన్నాయి. రామ్‌దేవ్రాలో ఒక మగపక్షికి ఆడపక్షి బొమ్మ ముందు వీర్యం ఇచ్చేలా అలవాటు చేశారు. ఆ వీర్యాన్ని సుమారు 200 కిలోమీటర్ల దూరంలోని సమ్ కేంద్రానికి తీసుకెళ్ళి అక్కడి ఆడపక్షికి ఎక్కించారు. 2024 అక్టోబరులో పిల్ల పుట్టింది. ఈ జాతిలో కృత్రిమ గర్భధారణతో పుట్టిన మొదటి పిల్ల అదే. వీర్యాన్ని దాచే బ్యాంకు ఆలోచన కూడా అప్పుడే బయటికొచ్చింది. ఈ పిల్ల విషయంలో దాటింది దూరాన్ని. గడ్డకట్టిస్తే కాలాన్ని కూడా దాటొచ్చు. 150 పక్షులంటే అన్నీ ఇంచుమించు దాయాదులే. ఈరోజు చచ్చిపోయే మగపక్షి రక్తం ముప్పై ఏళ్ళ తర్వాత కూడా మందలోకి రావాలంటే దాచడం తప్ప దారి లేదు. ఇంతవరకు నాకు ఏ అభ్యంతరమూ లేదు.

అయితే దాచేది సగమే అనే సంగతి చాలామందికి తెలియదు. మనుషుల్లో ఆడా మగా తేల్చే క్రోమోజోము తండ్రి నుంచి వస్తుంది. పక్షుల్లో ఇది తల్లకిందులు. మగపక్షికి రెండూ జెడ్‌లే. ఆడపక్షికి ఒక జెడ్, ఒక డబ్ల్యూ. అంటే ఆ డబ్ల్యూ వీర్యంలో ఉండనే ఉండదు. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా వంశం కూడా తల్లి వైపు నుంచే వస్తుంది. పోనీ గుడ్డును గడ్డకట్టిద్దామా అంటే, అంత పెద్ద పచ్చసొన మంచును తట్టుకోలేదు. స్కాట్లాండ్‌లోని రోస్లిన్ సంస్థలో కోడిపిండం నుంచి బీజకణాలు తీసి దాచే పద్ధతి మీద పనిచేస్తున్నారు గానీ అది కోళ్ళలో. కాబట్టి ఆడపక్షులు పోయాక ఎన్ని స్ట్రాలున్నా ఆ జాతి పూర్తిగా తిరిగి రాదు.

ఇది ఊహ కాదు, అమెరికాలో జరిగింది. ఫ్లోరిడాలో డస్కీ సముద్రతీర పిచ్చుక అని ఒకటి ఉండేది. దోమల్ని తగ్గించడానికి చిత్తడి నేలల్లోకి నీళ్ళు నిలిపారు, తర్వాత రోడ్లు వేశారు. వెతికి వెతికి చివరికి కొన్నింటిని పట్టుకున్నారు. చూస్తే అన్నీ మగవే! దగ్గరి జాతి ఆడపిచ్చుకలతో కలిపి సంకర పిల్లల్ని తీశారు. 1987 జూన్‌లో చివరి మగది చనిపోయింది. దాచాలనే బుద్ధి పుట్టేసరికి దాచుకోవాల్సిన సగం ముందే పోయింది.

ఇప్పుడు మా తరగతి వాదనకు వస్తాను. ఒక జట్టువాళ్ళు అన్నది ఏమిటంటే, బ్యాంకులో డబ్బుందంటే చెయ్యి ధారాళం అవుతుంది. "వీర్యం భద్రంగా ఉంది కదా" అనే ధైర్యంతో గడ్డిభూమిని ఫ్యాక్టరీకి రాసిచ్చేస్తారు. రెండో జట్టు నుంచి ఒకడు లేచి, "మన బడి వరండాలో మంటలార్పే సిలిండరు ఉంది. అది ఉందని మనం బడికి నిప్పు పెడతామా?" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, మాట బాగుంది కాబట్టి. కానీ ఇంటికెళ్ళి ఆలోచిస్తే ఆ పోలిక అతకలేదు. బడి కాలితే కాలేది మనమే. గడ్డిభూమి పోతే పోయేది పక్షి. లాభం ఒకరిదీ నష్టం ఇంకొకరిదీ అయినప్పుడు, సిలిండరు ఉందనే ధైర్యం మనిషిని ఎటు తీసుకెళ్తుందో చెప్పలేం.

ఇంకో సంగతి కూడా నన్ను బాధపెట్టింది. బొమ్మ ముందు నిలబడే ఆ మగపక్షి ఎప్పటికీ స్వేచ్ఛగా గడ్డిలో తిరగదు. జాతి కోసం ఒక పక్షి జీవితాన్ని మనం తీసుకున్నాం. దాన్ని ఎవరూ అడగలేదు, అడగలేరు కూడా. అరబ్బు దేశాల్లో హౌబారా అనే బట్టమేక జాతి పక్షుల్ని ఇదే విద్యతో వేలకువేలు పుట్టిస్తున్నారు. వదిలినవాటిలో కొన్నింటిని డేగలతో వేటాడతారు. వేట కొనసాగడానికే పెంపకం అని కొందరు తప్పుపడతారు. వేట ఉంది కాబట్టే డబ్బు వస్తోంది, పక్షి మిగిలింది అని ఇంకొందరు సమర్థిస్తారు. మన రాజస్థాన్‌వాళ్ళు ఈ పని నేర్చుకున్నది అబుదాబీలోని ఆ హౌబారా సంస్థ దగ్గరే. విద్య ఒక్కటే, వాడే ఉద్దేశం వేరు. నా మటుకు, ఒక పక్షిని బోనులో పెట్టడానికి సరైన కారణం ఒక్కటే, దాని పిల్లలు గానీ మనవలు గానీ బోను బయట బతకాలి. అది జరగదని తెలిసీ పెడితే తప్పే.

మన కడప జిల్లా లంకమల అడవుల్లో కలివికోడి ఉంది. 1900 తర్వాత ఎవరికీ కనపడక, అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986లో మళ్ళీ దొరికింది. స్థానికుడొకరు పట్టుకున్న ఆ పక్షిని చూడడానికి శాస్త్రవేత్తలు పరుగెత్తుకొచ్చారు. అది పంజరంలోనే చనిపోయింది. అప్పట్లో దాని నుంచి బీజకణాలు దాచే ఏర్పాటు లేదు. ఉన్నా ఒక్క పక్షితో ఏమవుతుంది? తర్వాత అక్కడ అభయారణ్యం ప్రకటించారు, దాని చిట్టడవి మీదుగా వచ్చే తెలుగుగంగ కాలువ దారిని మళ్ళించారు. అంత అరుదైన పక్షికి అప్పుడు పనికొచ్చింది నేల మీద మనుషులు చేసిన ఆ పనే.

అందుకే నా వరకు వీర్యాన్ని దాచాలి. పక్షులు నూటికి పైగా ఉన్నప్పుడే, ఆడపక్షులు ఉన్నప్పుడే దాచాలి. కానీ స్ట్రాలను పక్షుల లెక్కలో కలపకూడదు. క్యాను తెచ్చే అన్న మాట ఇక్కడ గుర్తు చేసుకోవాలి. గడ్డకట్టించడం అంటే ఒకసారి చేసి మూతపెట్టేసే పని కాదు. నత్రజని పోస్తూనే ఉండాలి. ఈ ఏడు పోసినవాళ్ళు రిటైర్ అయితే తర్వాతివాళ్ళు పోయాలి. ప్రభుత్వం మారినా పోయాలి. ఆ పని ఇంకా పుట్టనివాళ్ళ పేరు మీద మనం రాస్తున్న బాకీ పత్రం. వాళ్ళకు స్ట్రా ఒక్కటే ఇచ్చి గడ్డిభూమి ఇవ్వకపోతే, తాళంచెవి ఇచ్చి ఇల్లు అమ్మేసినట్టు.

రోళ్ళపాడు సంగతే చూడండి. సాగునీళ్ళు వచ్చాక చుట్టూ పంటలు మారాయి, పక్షులు తగ్గాయి. అభయారణ్యంలో కృష్ణజింకలు పెరిగి పొలాల మీద పడ్డాయి, రైతులకు కోపం వచ్చింది. ఆ కోపమూ న్యాయమైనదే. బ్యాంకు పెట్టడానికి ఎంత ఖర్చవుతుందో శాస్త్రవేత్తలు లెక్క వేయగలరు. జింక తిన్న పంటకు ఎంత ఇస్తే రైతు ఆ గడ్డిని అలాగే ఉండనిస్తాడో, అది నందికొట్కూరు వెళ్ళి రైతునే అడగాలి.