పాతదానిని విడుచుట యెప్పుడు ధర్మము?

వస్తువు పాతబడినంతనే పారవేయవలెనా, పనిచేయునంతకాలము నిలుపుకొనవలెనా యను ప్రశ్న ప్రతి గృహమునందును పుట్టుచుండును. చిల్లుపడిన బిందెకు మాటు వేయించి వాడుకొన్నవారి సంతతి మనది. మన పిల్లల కాలమునకు మాటు వేయువాడే కరవైనాడు. నేడు ఈ ప్రశ్నను కంప్యూటరు తీవ్రముగా మన ముందు నిలుపుచున్నది. ఇరువదియేండ్ల క్రిందట ఎంతయో ధనము వెచ్చించి కొన్న యంత్రము అటకమీద గోనెపట్టా క్రింద పడియున్నది. దానియెడ మనకేమైన బాధ్యత యున్నదా? గుమాస్తాగా మూడు దశాబ్దములకు పైగా కార్యాలయములలో గడిపి, ఆ యంత్రములు వచ్చుటయు పోవుటయు చూచినవాడను గనుక, నాకు తోచిన నాలుగు మాటలు చదువరుల ముందుంచుచున్నాను.

మొదట “పాత” యను మాటకు అర్థము విచారింపవలెను. కంప్యూటరు మూడు విధములుగా పాతబడును.

మొదటిది దేహమునకు కలుగు జీర్ణత. చాల సందర్భములలో యంత్రము చావదు. చిన్న రోగముతో మూలుగుచుండును. తెరిచినప్పుడెల్ల తేదీ ఏనాటిదో చూపుచున్నచో, మదర్‌బోర్డు మీద నాణెము వలె నుండు 3 ఓల్టుల బ్యాటరీ అయిపోయినదని గ్రహింపవచ్చును. తెరపై ఏమియు రాక కూత మాత్రము వినబడినచో, ర్యామ్ పలక సరిగా కూర్చుండలేదేమో చూడవలెను. విద్యుత్తు తీగను ఊడదీసిన పిమ్మట ఆ పలకను తీసి, దాని అంచును పెన్సిలు గీతలు చెరుపు రబ్బరుతో మెల్లగా తుడిచి మరల బిగించినంతనే లేచి కూర్చున్న యంత్రములు పెక్కులు. 2000 ప్రాంతములో తయారైన అనేక బోర్డులమీద కెపాసిటర్ల నెత్తులు ఉబ్బుట మరియొక ప్రసిద్ధ రోగము. ఈ వైద్యమునకు సూత్రమొక్కటే: ఒకసారికి ఒక మార్పు మాత్రమే చేసి ఫలితము చూడవలెను. నాలుగు భాగములను ఒకేసారి మార్చినవానికి యంత్రము బాగుపడినను రోగమెక్కడిదో తెలియదు. ఇట్టి పాతదనము విషయమున తీర్పు సులభము. పరీక్షింపకయే పారవేయుట సోమరితనము.

రెండవ పాతదనము దేహములో లేదు. తయారు చేసినవారి నిర్ణయములో నున్నది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీకి సాధారణ భద్రతా సవరణలు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయినవి. విండోస్ 10కి ఉచితముగా వచ్చు సాధారణ సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. విండోస్ 11 యో, టీపీఎమ్ 2.0 అను భద్రతా భాగము లేని యంత్రములను అధికారికముగా అంగీకరింపదు. ఇట్లు నిన్న రాత్రి ఆరోగ్యముగా నిద్రించిన యంత్రము నేటి ఉదయమునకు ముసలిదగుచున్నది. “ఇది పనికిరాదు” అని తీర్పు చెప్పు అధికారము అమ్మినవానిదా, వాడుకొనువానిదా? వాడుకొనువానిదే యని నా అభిప్రాయము. లినక్స్ కుటుంబములోని తేలికపాటి వ్యవస్థలను ఎక్కించి పాత యంత్రములను నడుపుకొనువారు లోకములో ఎందరో కలరు. 1994లో జిమ్ హాల్ ప్రారంభించిన ఫ్రీడాస్, డాస్ నాటి లెక్కల ప్రోగ్రాములను నేటికిని నడుపుచున్నది.

అయినను ఈ స్వాతంత్ర్యమునకు హద్దు కలదు. 2017 మే నెలలో వాన్నాక్రై అను చీడ సుమారు 150 దేశములలోని కంప్యూటర్లకు సోకి, దస్త్రములకు తాళము వేసి ధనము కోరినది. రెండు నెలల ముందే విడుదలైన సవరణను చేర్చుకొనని యంత్రములు దానికి సులభముగా చిక్కినవి. ఒకదానినుండి పక్కదానికి అది ప్రాకినది. ఇంటి పాతగోడను నిలుపుకొనుట మన యిష్టము. అది పొరుగువాని ముంగిట కూలకుండ చూచుట మన ధర్మము. సవరణలు రాని వ్యవస్థతో నడుచు యంత్రమును ఇంటర్నెట్టునుండి విడదీసి వాడుకొనుటయే మర్యాద.

మూడవ పాతదనము అన్నిటికంటె సూక్ష్మమైనది. యంత్రము నడుచును, వ్రాత యుండును, కాని ఆ వ్రాతను చదువగలది మరొకటి యుండదు. ఇది మన సంఘములకు దగ్గరి విషయము. పేజ్‌మేకరులో కూర్చిన నాటి తెలుగు ఫాంట్లలో పెక్కు, ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తెలుగు రూపములను నిలిపినవి. ఆ ఫాంటు లేని యంత్రములో అదే దస్త్రమును తెరిచినచో కందపద్యమైనను, పెండ్లిపాటయైనను అర్థము లేని ఇంగ్లీషు గీతలుగా కనబడును. యూనికోడు 1991లోనే తెలుగుకు 128 స్థానములను ప్రత్యేకించినను, అది అచ్చు పనిలోనికి వచ్చుటకు చాల కాలము పట్టినది. ఈ నడిమి కాలములో కూర్చిన సంచికలు, సభ్యుల పట్టికలు, పెద్దలు చెప్పగా వ్రాసికొన్న వంశచరిత్రలు ఎన్ని అటకలమీది యంత్రములలో నున్నవో! అట్టి యంత్రమును పాతసామానువానికి తూచి యిచ్చుట ఇనుము అమ్ముకొనుట కాదు. చదువని ఉత్తరమును చింపివేయుట.

అట్లని యంత్రమును పూజించుచు కూర్చుండుటయు తగదు. తంజావూరు సరస్వతీ మహలు గ్రంథాలయమున తెలుగు తాళపత్ర ప్రతులు నేటికిని కలవు. తాటియాకు చిరంజీవి కాదు. పురుగు తినును, అంచులు రాలును. మన ప్రాచీన గ్రంథములు శతాబ్దములు దాటి వచ్చినది ఆకు గట్టిదగుటచే కాదు, ఎవడో ఒక లేఖకుడు పాత ఆకు చూచి కొత్త ఆకుపై వ్రాయుటచే. కావున మన ఋణము ఆకునకు కాదు, వ్రాతకు. వ్రాత దాటువరకు మాత్రమే పడవను కాపాడవలెను.

ఈ దాటించు పనిలో మొదటి మెట్టు, పాత హార్డ్‌డిస్కు శబ్దము చేయుచున్నచో మరమ్మతు ప్రయోగములకు ముందే దానికి ప్రతి తీయుట. పిమ్మట పాత ఫాంటులోని వ్రాతను యూనికోడులోనికి మార్చు సాధనములు కలవు. కాని ఒత్తులు జారును, దీర్ఘములు తప్పును. మూలముతో పోల్చి ప్రతి పంక్తిని మనిషి చదువవలసినదే. చిక్కంతయు ఇక్కడనే యున్నది. మన యిండ్లలో తెలుగు చదువగల పెద్దలలో పలువురికి యంత్రము రాదు. యంత్రము తెలిసిన పిల్లలలో పలువురికి తెలుగు మాట వచ్చును గాని అక్షరము రాదు. దస్త్రముండియు ఫాంటు లేని యంత్రమునకు, మాట యుండియు లిపి లేని బిడ్డకు భేదమెంత? ఈ ఇరువురిలో ఎవరును ఒంటరిగా ఆ పని చేయజాలరు.

కనుక ప్రతి సంఘమును తన పాత యంత్రములను ఒకసారి దింపి చూడవలెను. అక్షరము తెలిసిన తాతయు, యంత్రము తెలిసిన మనుమరాలును ఒకే బల్లముందు కూర్చుండి వారమునకు పది పుటలు దాటించినను చాలును. ఆమె ఫాంటు మార్చును. ఆయన ఒత్తు సరిదిద్దును. ఆ సరిదిద్దుటలో ఆమెకు ఒత్తులు వచ్చును. దాటిన వ్రాతను రెండు చోట్ల భద్రపరచి, ఒక ప్రతిని కాగితముపై ముద్రింపవలెను. అటుపిమ్మట యంత్రమును విచారము లేక విడువవచ్చును. అదియు చెత్తకుండీలో కాదు. పాత గాజుతెరలలో సీసము కలదు గనుక, ప్రభుత్వానుమతి గల ఇ-వ్యర్థముల సేకరణవారికే అప్పగింపవలెను.

పాతదానిని విడుచుట పాపము కాదు. అందులోనిది చదువగల మరియొకరి చేతికి చేరకముందే విడుచుట పాపము.