నేలకు సమర్పణమా, విసర్జనమా?

వీరశైవ ధర్మమున కాయకమునకు ఎంతటి స్థానము కలదో దాసోహమునకును అంతటి స్థానమే కలదు. కాయకమువలన లభించినదానిని సమర్పించుటయే దాసోహము. ఐతే ఒకచోట పనికిరాక మిగిలినదానిని వేరొకచోట ఇచ్చుట దాసోహమగునా? మన మెట్టరైతుల ముంగిట నేడీ ప్రశ్న నిలిచియున్నది.

కర్నూలు, కడప సీమలలోని ఎర్రనేలలు పెక్కుచోట్ల పలుచనివి, నీటిని నిలుపజాలవు. కాలువల క్రింద మురుగునీరు పోవు దారి లేనిచోట నేల చౌడుబారును. ఇట్టి నేలలకు కర్మాగారముల మిగులు పదార్థములు మేలుచేయుననుట వట్టిమాట కాదు. ఎరువుల కర్మాగారములలో ఫాస్ఫారికామ్లము తయారగునపుడు మిగులు జిప్సమునందు కాల్షియమును గంధకమును కలవు. వేరుసెనగకు ఊడలు దిగువేళ ఎకరాకు 200 కిలోల జిప్సము వేసినచో కాయ చక్కగా ఊరును. కారుచౌడులో అది సోడియమును విడిపించి, నీటితో కడిగివేయుటకు వీలు కల్పించును. చక్కెర మిల్లులలో చెరకురసము వడగట్టగా మిగులు మడ్డి, మాగిన పిదప మంచి ఎరువగును.

12వ శతాబ్దమున కల్యాణములో ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యపుగింజలను ఏరితెచ్చి దాసోహము సలిపెను. నేలరాలినదని ఆ గింజను హీనముగా చూడలేదు. కావున మిగులు పదార్థమును ఈసడించుట శరణధర్మము కాదు. కాని ఆ కథలో ఇల్లాలు లక్కమ్మయు కలదు. ఒకనాడు భర్త అక్కరకు మించి తెచ్చినపుడు ఆమె సంతోషింపలేదు. ఎక్కువైనదానిని తిరిగి ఇచ్చి రమ్మనెను. మారయ్య ఏరుట నేర్పెను. లక్కమ్మ కొలుచుట నేర్పెను. మనకు రెండును కావలయును.

బొగ్గుబూడిద సంగతి చూడుడు. మన దేశపు బొగ్గు మండినపుడు మూడవవంతునకు మించి బూడిదగా మిగులుట సామాన్యము. కడప జిల్లా కలమళ్ళ వద్ద 1994లో ఉత్పత్తి ప్రారంభించిన రాయలసీమ థర్మల్ విద్యుత్కేంద్రము బొగ్గుతో నడచునదే. బూడిద బరువునేలను గుల్లబరచును. కొన్ని సూక్ష్మపోషకముల నిచ్చును. కాని అందు నత్రజని ఇంచుమించు శూన్యము; ఆర్సెనిక్, సీసము వంటివి ఉండవచ్చును. కేంద్రప్రభుత్వపు 2021 నాటి ప్రకటన బూడిదనంతటిని వినియోగింపవలెనని విద్యుత్కేంద్రములను నిర్బంధించుచునే, సేద్యమున మాత్రము మట్టిపరీక్షనుబట్టి అదుపుతో వాడుమనుచున్నది. బూడిదను వదలించుకొనుట కర్మాగారమునకు అవసరము. నేలకు దాని అవసరమెంత అనునది వేరు ప్రశ్న. మొదటి అవసరము లారీని పంపును; రెండవ అవసరమే దానిని పొలములోనికి రానీయవలెను.

నేల అక్కర నెరిగి ఇచ్చినది సమర్పణము. మన బరువు దింపుకొనుటకు ఇచ్చినది విసర్జనము. ఉచితముగా వచ్చినదంతయు ప్రసాదము కాదు. ఆ చేని గింజయే రేపు జంగమార్చనకును, బిడ్డల కంచములోనికిని వచ్చును. మట్టిలో కలిసిన సీసమును మరల ఏరివేయుట మన తరము కాదు. కావున పొలములున్న కుటుంబములు, మాన్యములున్న మఠములు మొదట తమ మట్టిని, తెచ్చు పదార్థమును పరీక్ష చేయించి, మోతాదు తెలిసికొని, పశువుల ఎరువుతో కలిపి వాడవలెను. పరీక్షాఫలితము చూపనివాని సరకును పొలముగట్టు దాటనీయరాదు.