చెరువు పోయినను పేరు పోలేదు



గత శీతకాలములో ఒక బంధువుల పెండ్లికని మేము హైదరాబాదు వెళ్లితిమి. 1983లో ఆ పట్టణమును విడిచినది మొదలు, 40 ఏండ్లకు పైగా మరల అక్కడ అడుగు పెట్టి యుండలేదు. యౌవనకాలములో రెండేండ్లు మాసబ్ ట్యాంక్‌లో ఒక అద్దె గదిలో ఉండి చదువుకొంటిమి. అక్కడి ప్రతి సందు మాకు తెలియుననియే అనుకొంటిమి.

మా తాతల కాలమున గుంటూరు పల్లెలవారికి హైదరాబాదు పరాయి దేశమే. నిజాము ప్రభుత్వపు నాణెము వేరు, తపాలా బిళ్ల వేరు. 1948 సెప్టెంబరులో అది భారతదేశములో కలిసెను. 1956 నవంబరు 1న మనకు రాజధాని ఆయెను. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రము ఏర్పడెను. ఉమ్మడి రాజధానికి పెట్టిన పదేండ్ల గడువు 2024 జూన్ 2తో తీరెను. ఒక మనుష్యుని ఆయుష్కాలములోనే పరాయిది సొంతమై, సొంతమైనది మరల పొరుగువారిదాయెను.

సికింద్రాబాదులో మెట్రో రైలెక్కి అమీర్‌పేటలో మారి, పంజగుట్ట, ఖైరతాబాదు మీదుగా లకడీకాపూల్‌లో దిగితిమి. ఆ రైలు 2017లో మొదలైనది. అమీర్‌పేటలో కంప్యూటరు చదువులకు వచ్చిన పిల్లలు సంచులు మోసికొని గుంపులుగా ఎక్కుచు, నవ్వుకొనుచుండిరి. మాకు మాత్రము కండ్లలో నీళ్లు తిరిగెను. ఎజ్రా గ్రంథము మూడవ అధ్యాయము జ్ఞాపకమునకు వచ్చెను. దేవాలయమునకు క్రొత్త పునాది వేసినప్పుడు, మొదటి మందిరమును చూచిన వృద్ధులు ఏడ్చిరి, తక్కినవారు సంతోషముతో కేకలు వేసిరి. ఏది ఏడ్పో ఏది సంతోషమో వినువారికి తెలియలేదు. ముసలివాని కన్నీరు పాపము కాదు. అయితే అది ఎవరికొరకు కార్చిన కన్నీరో అతడు తన్ను తాను అడుగుకొనవలెను.

మేము అద్దెకున్న ఇంటి యజమానురాలు ఉర్దూ మాటలాడు ముసల్మాను విధవరాలు. ఆమె మమ్మును బేటా అని పిలిచెడిది, మేము అమ్మా అంటిమి. మాకు టైఫాయిడు జ్వరము వచ్చినప్పుడు ఊరినుండి ఎవరును రాలేకపోయిరి. ఆమెయే ఇరువది దినములు గంజి కాచి పోసెను, రాత్రులు నొసట తడిగుడ్డ వేసెను. చదువు ముగిసి వచ్చునప్పటికి మూడు నెలల అద్దె, నెలకు 60 రూపాయల లెక్కను, 180 రూపాయలు బాకీ పడితిమి. పంపెదమని చెప్పి వచ్చి పంపలేదు. మొదట చేతిలో లేకపోయెను. చేతిలో ఉన్నప్పుడు ఆలస్యమైనదని సిగ్గుపడితిమి. సిగ్గు ముదిరి మరపు ఆయెను. ఆ జ్వరమునుండి ప్రభువు మమ్మును లేపెనని సంఘములో ఎన్నిమార్లో సాక్ష్యము చెప్పితిమి గాని, గంజి పోసిన చేతిని గూర్చి ఒక్కమారును చెప్పలేదు.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు. ఆ స్థలమున అయిదంతస్తుల భవనమున్నది. చుట్టుప్రక్కల విచారించితిమి గాని, ఆమెను గాని ఆమె వారిని గాని ఎరిగినవారు దొరకలేదు. 180 రూపాయలు ఇప్పుడు ఒక ఆటో కిరాయికి సరిపోవు సొమ్ము. అది పెద్దదిగా తోచిన దినములలో ఇయ్యలేదు, చిన్నదైన దినమున పుచ్చుకొనువారు లేరు.

ఋణము పుచ్చుకొనువారు లేకపోయినయెడల ఋణము తీరినట్లేనా? మా మనస్సు అవునని చెప్పజూచెను. పట్టణమే మారిపోయినది, మనమేమి చేయగలమని అది పలికెను. ఊరు మారెనని ఏడ్చుట మాకు ఎందుకు తేలికయైనదో అప్పుడు తెలిసెను. ఊరి తప్పు ఎంచుచుండగా మన తప్పు కనబడదు.

మాసబ్ ట్యాంక్ అను పేరు మా సాహెబా అను మాటనుండి వచ్చినది. అది కుతుబ్‌షాహీల రాణీమాతను పిలిచిన గౌరవనామము, తల్లిగారు అని దాని భావము. ఆ తల్లి పేరిట వెలసిన చెరువు నేడు లేదు, అది ఉన్నచోట చాచా నెహ్రూ పార్కు ఉన్నది. లకడీకాపూల్ అనగా కఱ్ఱవంతెన, కఱ్ఱవంతెనయు లేదు. అయినను బస్సు కండక్టరు నేటికిని ఆ పేర్లే పిలుచుచున్నాడు. చెరువు పోయినను పేరు పోలేదు. ఆలాగే, ఇచ్చిన తల్లి కనబడకపోయినను పుచ్చుకొన్న సంగతి పోదు.

సంఖ్యాకాండము అయిదవ అధ్యాయము ఏడు, ఎనిమిది వచనములు ఈ సంగతినే తలపెట్టినవి. అపరాధము చేసినవాడు మూలధనముతో అయిదవ వంతు కలిపి ఇయ్యవలెను. పుచ్చుకొనుటకు సమీప బంధువు లేకపోయినయెడల అది యెహోవాకు చెందును. బాకీ కొట్టివేయబడునని అక్కడ లేదు, అది చేరవలసిన చోటు మాత్రమే మారును. మేము లెక్క వేసితిమి: 180కి 36 కలిపి 216 రూపాయలు. దానిని కానుకపెట్టెలో వేసితిమి. మనస్సు తేలిక కాలేదు, ఏలయనగా ఆమె మాకిచ్చినది అద్దె గది మాత్రమే కాదు.

మా ప్రాంతమునకు ఏటేట మిరపకోతల కాలములో కర్నూలు వైపునుండి కూలీలు బిడ్డలతో వచ్చి చేలగట్లమీద గుడిసెలు వేసికొందురు. ఇన్నేండ్లు వారిని చూచితిమి గాని, వారిలో జ్వరపడినవారెవరో అడుగలేదు. ఈ ఏడు గంజికుండతో వెళ్లితిమి. దీనితో ఋణము తీరెనని చెప్పము. ఆమెకు ఇయ్యవలసినది ఆమెకు ఇయ్యనేలేదు.

కావున ప్రియులారా, పరాయి ఊరిలో మీకు అన్నము పెట్టినవారు, జ్వరములో తోడుండినవారు ఎవరైనను ఉన్నారా? వారి ఇల్లు ఇంకను నిలిచియుండగానే వెళ్లుడి. వెళ్లలేనివారు ఈ రాత్రియే ఒక ఉత్తరము వ్రాయుడి.