ఖాళీ గిన్నె తిరిగి పంపం

మూడు నాలుగేళ్ళ పిల్లలకు మతం తెలియదు. రుచి తెలుస్తుంది. ఉగాదినాడు పక్కింటి నుంచి పచ్చడి వస్తే ఒక చెంచా నాలుక మీద వేసుకొని మొహం ముడుచుకుంటారు. మళ్ళీ ఇంకో చెంచా అడుగుతారు. బళ్ళో చేరి, హాజరుపట్టీలో తమ పేరు మిగతా పేర్లలా లేదని కనిపెట్టాక మాత్రం చెంచా నోట్లో పెట్టుకోకముందే ప్రశ్న వస్తుంది: "అమ్మీ, ఈ పండుగ మనదా, వాళ్ళదా?"

చిన్న ప్రశ్నే. కానీ ఈ దేశంలో మేం ఎట్లా బతకాలన్నదంతా అందులోనే ఉంది. దీనికి నిజమైన జవాబు ఏమిటి? పిల్లలకు అబద్ధం చెప్పకుండా, వాళ్ళ మనసులో గోడ కట్టకుండా ఏం చెప్పగలం?

సులువైన జవాబులు రెండున్నాయి. "మనది కాదు, ముట్టకు" అన్నది ఒకటి. ఇట్లా చెప్పే గొంతులు మా బస్తీల్లోనూ ఉన్నాయి. "అన్నీ ఒకటే బేటా, అన్నీ మన పండుగలే" అన్నది రెండోది. మా లౌకికవాద మిత్రులకు ఇది బాగా నచ్చుతుంది. మొదటి జవాబు పిల్లల్ని భయపెడుతుంది. రెండోది పిల్లల్ని మోసం చేస్తుంది. ఎందుకంటే అన్నీ ఒకటి కావు. పక్కింట్లో జరిగే పూజ మేం చేయం. పంచాంగ శ్రవణానికి మేం కూర్చోం. మా ఇంట్లో తెల్లవారుజామున లేచి సహరీ తినడం, ఒంటిపూట బడి నుంచి వచ్చిన పిల్ల మధ్యాహ్నం దాకా "చిడియా రోజా" ఉన్నానని గొప్పలు పోవడం పక్కింట్లో ఉండవు. ఐదేళ్ళ పిల్లకు కూడా ఈ తేడా కళ్ళకు కనిపిస్తూనే ఉంటుంది. కనిపించేదాన్ని లేదని చెబితే ఇక మన మాట ఎందుకు నమ్ముతుంది?

అట్లాగని పచ్చడి మాది కాదా? వేపచెట్టు మా వాకిట్లోనూ పూస్తుంది. మామిడి పిందెలు రాలితే ఏరుకునేది మా పిల్లలు కూడా. మాఘ ఫాల్గుణాల్లో చింతపండు సీజన్ మొదలయితే కూలికి గింజ తీసే ఆడవాళ్ళలో మా వాళ్ళూ ఉంటారు. వాళ్ళ పక్కనే కూర్చొని ఆ గింజలతో వామనగుంటలు ఆడే పిల్లలూ ఉంటారు. పచ్చడిలోని పులుపు ఎవరి చేతుల మీదుగా వచ్చిందో పంచాంగంలో రాసి ఉండదు.

మరి మూడో జవాబు ఎక్కడుంది? పుస్తకాల్లో వెతకనక్కర్లేదు. మా అమ్మల, మీ అమ్మల వంటగదుల్లో ఉంది. పచ్చడి కలపగానే, దేవుడికి నైవేద్యం పెట్టకముందే, మా వాటా ఒక గిన్నెలో తీసి పక్కన పెట్టే ఇల్లాళ్ళను మేం ఎరుగుదుం. "ఇది మీ కోసం ముందే తీసిపెట్టాను వదినా" అని ఒక్క మాట చెప్పి పంపుతారు. రంజాన్‌కు మా ఇళ్ళలోనూ ఇట్లాంటిదే జరుగుతుంది. మాంసం వండిన పొయ్యి మీది షీర్ ఖుర్మా తినడానికి పక్కింటివాళ్ళకు ఇబ్బంది అనిపిస్తే సేమ్యా, చక్కెర, ఖర్జూరాలు, జీడిపప్పు, పాలు విడివిడిగా పంపుతారు. వాళ్ళు వాళ్ళ గిన్నెలో వండుకుంటారు. ఇందులో ఎవరికీ అవమానం లేదు. ఎవరూ ఎవరిలోనూ కలిసిపోనూ లేదు.

ఈ ఆడవాళ్ళు లౌకికవాదం గురించి ఉపన్యాసాలు విన్నవాళ్ళు కారు. అయినా ప్రేమంటే తేడాను చెరిపేయడం కాదని, తేడాకు చోటివ్వడమని వాళ్ళకు తెలుసు. ఎదుటి మనిషి దేన్ని తినడో తెలుసుకొని గుర్తుపెట్టుకోవడం కంటే పెద్ద మర్యాద ఏముంటుంది?

వచ్చిన గిన్నెను ఖాళీగా తిరిగి పంపకూడదన్నది ఇంకో నియమం. ఏమీ లేకపోతే గుప్పెడు చక్కెరయినా వేసి పంపుతారు. మీ ఇళ్ళలోనూ అంతే, మా ఇళ్ళలోనూ అంతే. ఈ గిన్నెలు మోసేది పిల్లలు. పైన గుడ్డ కప్పిన గిన్నెను రెండు చేతులా పట్టుకొని, ఒలకకుండా నాలుగు గుమ్మాలు దాటిన పిల్ల ఆ నాలుగు గుమ్మాల్లో ఎవరి పద్ధతి ఏమిటో నేర్చుకుంటుంది. కాబట్టి మా జవాబు ఇది: "పండుగ వాళ్ళది బేటా. పచ్చడి మనకూ పంపారు. ఈద్ మనది. సేమ్యాలు వాళ్ళకూ పంపుదాం." ఇది విని పిల్లలు తృప్తి పడతారు. వాళ్ళకు కావలసింది సిద్ధాంతం కాదు, నిజం.

చంద్రుడు కూడా ఈ మాటే చెబుతాడు. ఉగాదీ చంద్రమానమే, మా నెలలూ చంద్రుణ్ణి బట్టే. అయితే అధికమాసం కలుపుకోవడం వల్ల ఉగాది వసంతాన్ని వదలదు. మా సంవత్సరానికి 354 రోజులే కాబట్టి ఈద్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ దాదాపు 33 ఏళ్ళకు అన్ని రుతువులూ తిరిగి వస్తుంది. 2024లో ఏప్రిల్ 9న ఉగాది, 11న ఈద్. 2025లో మార్చి 30న ఉగాది, 31న ఈద్. ఒకే అమావాస్య దాటిన ఒకే నెలవంక రెండిళ్ళకూ పండుగ తెచ్చింది. పచ్చడి గిన్నె, సేమ్యాల గిన్నె వీధిలో ఎదురుపడ్డాయి.

దీనికి ముందు ఇట్లా కలిసింది 1993 మార్చి చివరి వారంలో. అప్పుడు మేం బడిపిల్లలం. బాబ్రీ మసీదు కూలి నాలుగు నెలలు కూడా కాలేదు. హైదరాబాద్‌లోనయితే 1990 డిసెంబర్ అల్లర్ల గాయాలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. ఆ వసంతంలో మా అమ్మలు మాకు కొత్త పాఠం నేర్పారు. "బస్సులో నన్ను అమ్మీ అనకు, అమ్మా అను." ఈ మాట ముస్లిం ఇళ్ళలో పుట్టి పెరిగిన ఎందరికో తెలుసు. ముప్పై రెండేళ్ళు తిరిగి నెలవంక మళ్ళీ అక్కడికే వచ్చింది. ఆ మాట ఈనాటి తల్లులూ అంటున్నారు.

పిల్లకు ఇట్లా నేర్పడం తప్పా? మేం చాలాసార్లు వాదించుకున్నాం. అబద్ధం నేర్పడమే అన్నారు కొందరు. ప్రాణం కాపాడుకోవడం ఎక్కడయినా న్యాయమే అన్నారు ఇంకొందరు. మాకనిపించేది వేరు. ఆ తల్లిని బోనులో నిలబెట్టడమే అన్యాయం. తన బిడ్డ తనను పిలిచే పిలుపును తానే మార్చమని చెప్పుకోవలసిన స్థితి ఎవరు తెచ్చారో వాళ్ళను అడగాలి. "అమ్మీ" అన్న మాట విని బస్సులో తలలు తిప్పి చూసేవాళ్ళను అడగాలి.

మా మీద సానుభూతి ఉన్నవాళ్ళతోనూ ఒక పేచీ ఉంది. బడిలో జాతీయ సమైక్యత కార్యక్రమం పెడితే మా పిల్లవాడికి షేర్వానీ తొడిగి, టోపీ పెట్టి వేదిక ఎక్కిస్తారు. తక్కిన పిల్లలు ఆడుతుంటే వాడు ఐక్యతకు బొమ్మగా నిలబడాలి. మేం బయటివాళ్ళం కాదని చెప్పడానికి కులీ కుతుబ్ షాను తెస్తారు. 1591లో హైదరాబాద్ కట్టించిన ఆ రాజు దక్కనీలో బసంత్ మీద కవితలు రాశాడు, నిజమే. మాకూ ఇష్టమే. కానీ చింతగింజ తీసే తల్లి కొడుకు ఈ వసంతంలో ఆడుకోవడానికి ఒక రాజు సిఫారసు ఎందుకు? మా పిల్లలకు అందరు పిల్లల్లా అల్లరి చేసే హక్కు కావాలి. ఆదర్శంగా ఉండనక్కర్లేని హక్కు కావాలి.

అసలు ప్రమాదం మరొకటుంది. గిన్నె నడవాలంటే పక్కన గుమ్మం ఉండాలి. నచ్చిన చోట ఇల్లు కొనుక్కోవడం, అద్దెకు తీసుకోవడం ముస్లింలకు కష్టమవుతోందని 2006లోనే సచార్ కమిటీ నివేదిక రాసింది. ఫోన్‌లో తెలుగు విని రమ్మన్న యజమాని, పేరు చెప్పగానే "మా బంధువులొస్తున్నారు" అనడం మాకు అలవాటయిన సంగతే. ఇట్లా ఒక్కో ఇల్లూ దొరక్క అందరం మా బస్తీల్లోకే చేరుకుంటే, అక్కడ పుట్టే పిల్లలు "ఈ పండుగ మనదా, వాళ్ళదా" అని కూడా అడగరు. పచ్చడి రుచే తెలియనివాళ్ళు ఏం అడుగుతారు? మీ పిల్లలకూ మా సేమ్యాల రుచి తెలియదు. టీవీ, సెల్‌ఫోన్ మా గురించి ఏం చెబితే అదే నమ్ముతారు.

2025లో ఐదేళ్ళున్న పిల్లకు, 2026 దాటాక ఉగాదీ ఈదూ మళ్ళీ ఇట్లా పక్కపక్కన వచ్చేసరికి ముప్పై ఏడో ముప్పై ఎనిమిదో ఏళ్ళుంటాయి. ఆమెకూ పిల్లలుంటారు. బస్సెక్కేముందు వాళ్ళకు ఆమె ఏం చెప్పాలన్నది మా ఒక్కరి చేతిలో లేదు. మేం చేయగలిగింది చేస్తున్నాం. మా పిల్లలకు గిన్నె పట్టుకోవడం నేర్పుతున్నాం, మీ వంటింటి పద్ధతి చెబుతున్నాం. మీరు చేయవలసింది పెద్ద త్యాగమేమీ కాదు. మీ పక్క వాటా ఖాళీ అయినప్పుడు, అడగడానికి వచ్చిన మనిషి పేరు విన్నాక కూడా అదే అద్దె చెప్పండి.