వేదనయందు సమభావము

బెంగుళూరులో చిక్కపేట, నగర్తపేట, అవెన్యూ రోడ్డు ప్రాంతములలో వర్తకము చేయు శ్రావక కుటుంబములకు మోటారు సైకిలు నేడు కాళ్లతో సమానమైనది. ఉదయము జినాలయమునకు పోవుటకు, అంగడి తెరచుటకు, బాకీల వసూలుకు, సూర్యాస్తమయమునకు ముందే భోజనమునకు ఇల్లు చేరుటకు యువకులు దానినే నమ్ముకొనియున్నారు. 2022 లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరనియు, అందు నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనములపై పోవువారే యనియు ప్రభుత్వపు లెక్కలు తెలుపుచున్నవి. మరణించినవారి లెక్క పత్రికలలో వచ్చును. బ్రతికి, కాలు విరిగి, నెలల తరబడి మంచము పట్టినవాని లెక్క అతని ఇంటివారికే తెలియును. అట్టివానికి జినధర్మము చెప్పునదేమి అను విషయము విచారింపదగినది.

గాయపడినవాని మంచము చుట్టు సాధారణముగా రెండు మాటలు వినబడుచుండును. చూడవచ్చిన బంధువు, "అంతా వాని కర్మ! పూర్వజన్మమున ఏమి చేసికొన్నాడో!" అనును. పడియున్నవాడు గోడవైపు తిరిగి, "ఎవరికి ఏమి అపకారము చేసితిని? నాకే ఏల ఇట్లు జరిగెను?" అని కుములును. మొదటి మాట సిద్ధాంతమువలె వినిపించును. రెండవది అజ్ఞానమువలె తోచును. కాని ఆలోచించి చూచినచో మొదటి మాటయందే దోష మధికము.

అష్టకర్మలలో మూడవది వేదనీయము. సుఖానుభవము సాతా వేదనీయము వలనను, దుఃఖానుభవము అసాతా వేదనీయము వలనను కలుగును. ఇది సత్యమే. అయితే ఆ అసాతము ఎట్లు బంధమగును? ఇతరులకు దుఃఖము, శోకము, పరితాపము కలిగించుట దానికి కారణమని తత్త్వార్థ సూత్రమున ఉమాస్వాతి ఆచార్యులు తెలిపియున్నారు. కావున బాధపడువాని ప్రక్క కూర్చుండి వాని కర్మను ఎత్తి చూపువాడు అదే కర్మను తన ఖాతాలో జమ వ్రాసికొనుచున్నాడు. కర్మ సిద్ధాంతము తన ముఖము తాను చూచికొను అద్దమే కాని, పరుల మీద విసరు రాయి కాదు.

ఈ విషయము శ్రీ మహావీర స్వామి చరిత్రమున చక్కగా తెలియుచున్నది. శ్వేతాంబర సంప్రదాయ గ్రంథములు ఈ వృత్తాంతమును చెప్పుచున్నవి. స్వామి సాధనాకాలము ముగియవచ్చిన రోజులలో ఒక గ్రామము వెలుపల ధ్యానమున నిలిచియుండగా, ఒక గొల్లవాడు తన ఎద్దులను అచట విడిచి పోయెను. తిరిగి వచ్చి చూడగా ఎద్దులు లేవు. ఎన్నిసార్లు అడిగినను స్వామి మౌనము విడువలేదు. గొల్లవాడు కోపించి, స్వామి రెండు చెవులలోను ములుకులు దిగగొట్టి, ఎవరికిని కనబడకుండునట్లు వాని కొనలను విరిచివేసెను. స్వామి వానిని నిందింపలేదు. పూర్వము త్రిపృష్ఠ వాసుదేవుడై పుట్టినప్పుడు, శయ్యాపాలకుని చెవులలో కరగిన సీసము పోయించిన కర్మ ఇట్లు పండెనని చరిత్రకారులు వ్రాసిరి.

తరువాత స్వామి మధ్యమ పావా నగరమున సిద్ధార్థుడను వర్తకుని ఇంటికి భిక్షకు వచ్చెను. అచట ఆ వర్తకుని మిత్రుడైన ఖరకుడను వైద్యుడు కూర్చుండియుండెను. స్వామి ముఖము చూచిన మాత్రమున, "ఈ మహాత్ముని దేహమున శల్యము కలదు" అని అతడు గ్రహించెను. మిత్రులిద్దరును ఔషధములు, తైలము, పట్టకార్లు తీసికొని ఉద్యానమునకు పోయి, స్వామి దేహమునకు తైలము పట్టించి, రెండు ములుకులను లాగివేసిరి. అప్పటి వేదనకు స్వామి నోట పెద్ద కేక వెడలెను. వారు గాయమునకు మందు పూసి, నమస్కరించి వెడలిపోయిరి.

ఇందు మూడు విషయములు గమనింపదగినవి. సిద్ధార్థుడుగాని ఖరకుడుగాని "ఇది స్వామి పూర్వకర్మ, అనుభవింపనిండు" అని ఊరకుండలేదు. చూచినవాని ధర్మము చికిత్సయే. ఇది మొదటిది. శల్యమును లాగునపుడు ఖరకుడు స్వామికి తీవ్రమైన బాధ కలిగించెను. అయినను భావము శుద్ధమగుటచే అతనికి స్వర్గమే లభించెనని చెప్పియున్నారు. కావున శస్త్రచికిత్స చేయు వైద్యునియందుగాని, బిగిసిన మోకాలిని వంచి ఏడిపించు ఫిజియోథెరపీ నిపుణునియందుగాని రోగి ద్వేషము పెట్టుకొనరాదు. ఇది రెండవది. ఇక మూడవది, సాక్షాత్తు స్వామియే కేక వేసెను. బాధకు అరచుట సమభావమునకు భంగము కాదు. దేహము అరచును. మనస్సు వైరము పట్టకుండుటయే సమభావము.

వేదన వేరు, వేదనను గూర్చిన చింత వేరు. అనవరతము నొప్పినే తలచుచుండుట ఆర్తధ్యానము యొక్క నాలుగు భేదములలో నొకటి. ఎముకకు తగిలిన దెబ్బ ఒకసారి తగిలినది. "అంగడి ఏమగునో, చెల్లెలి వివాహమేమగునో, మరల నడచెదనో లేదో" అను దెబ్బ గంటకు నూరుసార్లు తగులుచుండును. ఒకానొక రాత్రి "ఆనాడే చచ్చిపోయినను బాగుండెడిది" అను మాట కూడ నోట వచ్చును. ఇంటివారు ఆ మాటను కసరి కొట్టివేయరాదు. ప్రక్కన కూర్చుండి వినవలెను. అది తరచుగా వచ్చుచుండినచో వైద్యునికి చెప్పవలెను. మనస్సునకు తగిలిన గాయమునకును చికిత్స కలదు.

కార్యమేదియు ఒక్క కారణమున సిద్ధింపదనియు, కాలము, స్వభావము, నియతి, పూర్వకర్మ, పురుషార్థము అను అయిదును కలిసినప్పుడే సమ్యక్ దృష్టి యగుననియు సిద్ధసేన దివాకరులు సన్మతి తర్కమున నిరూపించిరి. ఎముక అతుకుట దీనికి ఉత్తమమైన దృష్టాంతము. మోకాలి క్రింది పెద్ద ఎముక విరిగినచో, అది గట్టిపడుటకు సాధారణముగా నాలుగు నుండి ఆరు మాసములు పట్టును. ఇది కాలము. విరిగినచోట ముందు రక్తము గడ్డకట్టి, పిదప మెత్తని కణజాలమేర్పడి, అది క్రమముగా ఎముకగా మారును. ఇది స్వభావము. నియతియు కర్మయు మానవుని చేతిలో లేవు. మిగిలినది పురుషార్థము. మందులు వేళకు తీసికొనుట, పొగత్రాగుట మానుట, చెప్పిన వ్యాయామమును చెప్పినన్ని సార్లు చేయుట రోగి చేతిలోనివే. తన చేతిలోని ఒక్కటి విడిచి, చేతిలో లేని వానికై ఏడ్చువాడు మూలధనమును పారవేసి వడ్డీకై వ్యాజ్యము వేయువాని వంటివాడు.

బాధపడిన మాత్రమున తపస్సు కాదు. గత్యంతరము లేక, తిట్టుకొనుచు సహించినది అకామ నిర్జర. తెలిసి, అంగీకరించి, సమభావముతో సహించినది సకామ నిర్జర. నొప్పి రెండింటను ఒక్కటే. ఫలమున ఎంతో భేదము కలదు.

పర్యూషణములలో ఉపవాసము చేయలేకపోతినే అనియు, రాత్రి మందు మ్రింగినందున వ్రతభంగమయ్యెనే అనియు రోగులు దిగులుపడుదురు. ప్రత్యాఖ్యాన విధులలోనే ఆగారములు, అనగా మినహాయింపులు, పూర్వాచార్యులు ఏర్పరచియున్నారు. తీవ్రమైన వ్యాధిలో చిత్తసమాధి నిలుచుటకై ఔషధము పుచ్చుకొనుట వానిలో నొకటి. కాయోత్సర్గము నిలిచిగాని, కూర్చుండిగాని, పరుండిగాని చేయవచ్చును. కాలికి ఇనుప కడ్డీ వేయించుకొని పడియున్నవాడును, 48 నిమిషములు ఎవరిని గూర్చియు కీడు తలపక నమస్కార మంత్రమును స్మరించినచో, మంచమే అతనికి ఉపాశ్రయమగును.

ఇంటివారికిని ఇది సాధనాకాలమే. ఆరు అంతరంగ తపస్సులలో వైయావృత్త్యము, అనగా సేవ, ఒకటి. ముఖ్యముగా సాధువుల విషయమున చెప్పబడినను, రోగి మలమూత్రములెత్తు తల్లికిని, రాత్రి మేలుకొను భార్యకును ఆ భావము దూరమైనది కాదు. రోగి అంగడిని కొన్నాళ్లు చూచికొనుట, బాకీదారులకు నచ్చజెప్పుట ఇరుగుపొరుగు వర్తకుల ధర్మము.

దారిన పోవువారికిని ధర్మము కలదు. 2016 ఫిబ్రవరిలో బెంగుళూరు సమీపమున నేలమంగల వద్ద, హరీశ్ నంజప్ప అను యువకుడు మోటారు సైకిలుపై వచ్చుచు లారీ క్రింద పడెను. ప్రాణము పోవు సమయమున అతడు తన అవయవములను దానము చేయుడని కోరెను. అతని నేత్రములు దానము చేయబడెను. గాయపడినవారికి మొదటి 48 గంటలలో 25,000 రూపాయల వరకు ఉచిత చికిత్స లభించు పథకమును కర్ణాటక ప్రభుత్వము ఆ మార్చిలో అతని పేరనే ప్రారంభించెను. సద్భావముతో సాయపడువానిపై వ్యాజ్యము లేకుండ 2019 నాటి మోటారు వాహనముల సవరణ చట్టము రక్షణ కల్పించినది. తన పేరు చెప్పవలెనను నిర్బంధమును లేదు. కావున "పోలీసు తగవు మనకేల" అని తొలగిపోవుటకు నేడు సాకు లేదు. సిద్ధార్థుడు వర్తకుడే. శల్యమున్నదని వినినంతనే లేచినవాడు.

ఢీకొట్టినవాని సంగతి ఏమి? నష్టపరిహారమునకై న్యాయస్థానమున అర్జీ వేయుట తప్పు కాదు. లేని ఖర్చునకు బిల్లు వ్రాయించుట, తన వేగమును దాచి నేరమంతయు ఎదుటివానిపై మోపుట సత్య, అస్తేయ వ్రతములకు భంగము. రావలసిన సొమ్ము వసూలు చేసికొనవచ్చును. వైరము మాత్రము ఖాతానుండి కొట్టివేయవలెను. సంవత్సరి నాడు ఊరందరికి క్షమాపణ చెప్పి, ఆ ఒక్కని మాత్రము మినహాయించినచో ఆ క్షమాపణ అసంపూర్ణము.

కాలు బాగుపడి మరల బండి ఎక్కు దినము వచ్చును. నడచునపుడు ముందున్న నేలను చూచుచు నడువవలెనను ఈర్యా సమితి సాధువులకు విధింపబడినది. గంటకు అరువది కిలోమీటర్ల వేగమున పోవు గృహస్థునికి ఆ జాగ్రత్త ఇంకను ఎక్కువ అవసరము. హెల్మెట్టు ధరించుటవలన మరణభయము నూటికి 42 వంతులును, తలకు గాయము 69 వంతులును తగ్గునని పరిశోధకులు తేల్చియున్నారు. వెనుక కూర్చుండువారికిని అది 2016 నుండి కర్ణాటకమున తప్పనిసరి. ప్రమాదము అను మాటకు శాస్త్రమున ఏమరుపాటు అనియే అర్థము. ఏమరుపాటును విడుచుటయే అప్రమత్తత. అది తన ప్రాణమునకును, దారిన పోవు ప్రతి జీవికిని అభయదానము.

వేదనలోనున్న ప్రతి జీవికిని శాంతి కలుగుగాక! చూచినవారి హృదయమున కరుణ నిలుచుగాక! జై జినేంద్ర.